కొత్త యంత్రంలో పాత ప్రోగ్రాం

కొత్త ఇంటికి మారినంత మాత్రాన పాత అలవాటు పోదు. ఈ మాట మనుషులకు ఎంత వర్తిస్తుందో కంప్యూటర్ ప్రోగ్రాములకూ అంతే వర్తిస్తుంది. నెల్లూరు పట్టణంలో శుభలేఖలూ, కరపత్రాలూ కూర్చే డి.టి.పి. దుకాణాలలో గాని, ధాన్యం మిల్లుల లెక్కల గదులలో గాని, తీరగ్రామాలలో రొయ్యల వ్యాపారుల వద్ద గాని విచారిస్తే ఈ ఫిర్యాదు ఏదో ఒక రూపంలో వినవస్తుంది: "పదహారు గిగాబైట్ల మెమొరీ ఉన్న కొత్త కంప్యూటర్ కొన్నాము. పాత ప్రోగ్రామునే అందులో ఎక్కించుకొన్నాము. పెద్ద పని అప్పగించేసరికి 'మెమొరీ చాలదు' అని అది పాత పాటే పాడుతున్నది. అంత మెమొరీ ఏమైనట్లు?"

యంత్రం అమ్మినవాడు మోసం చేశాడేమోనని కొందరికి అనుమానం. ప్రోగ్రాం చెడిపోయిందని మరికొందరి అభిప్రాయం. నిజానికి రెండూ కావు. మెమొరీ అక్కడే ఉన్నది; ప్రోగ్రామూ బాగానే ఉన్నది. ఉన్న మెమొరీని పేరు పెట్టి పిలిచే శక్తి ఆ ప్రోగ్రాముకు లేదు. ఆ లోపం ఎట్లా వచ్చిందో, దాని వల్ల కలిగే చిక్కులేమిటో, వాటికి మనం చేయగలిగినదేమిటో విచారించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

నెల్లూరు తీరవాసులకు బకింగ్‌హాం కాలువ కొత్త కాదు. సముద్రానికి సమాంతరంగా, పులికాట్ సరస్సు మీదుగా మద్రాసు దిక్కుకు సాగే ఆ కాలువలో ఒకప్పుడు ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల మీద వెళ్లేవి. కాలువకు లాకులు ఉండేవి. లాకులో పట్టని పడవ కాలువకు పనికిరాదు. కాబట్టి పడవ కట్టేవాడు మొదట లాకు కొలత చూచుకొని, ఆ పైన దూలాలు కోయించేవాడు. అట్టి పడవను తీసుకొనివెళ్లి సముద్రం మీద వదిలితే, సముద్రం విశాలమే గాని పడవలో పట్టే బస్తాలు ఒక్కటీ పెరగవు. పాత ప్రోగ్రాం ఒకనాటి లాకు కొలతకు కట్టిన పడవ. కొత్త కంప్యూటర్ సముద్రం. చిక్కంతా ఇంతే.

ఈ కొలత ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకొందాం. కంప్యూటర్ మెమొరీని వరుసగా పేర్చిన కోట్లకొలది అరలుగా ఊహించుకోవచ్చు. ఒక్కొక్క అరలో ఒక బైటు, అంటే ఒక ఇంగ్లీషు అక్షరం పట్టేటంత స్థలం ఉంటుంది. ప్రతి అరకూ ఒక సంఖ్య ఉంటుంది. అదే దాని చిరునామా. ప్రోగ్రాం ఏ వస్తువును దాచాలన్నా, దాచినదాన్ని మళ్లీ తీయాలన్నా ఆ సంఖ్య చెప్పి తీరవలసిందే. సంఖ్య చెప్పలేని అర ఉన్నా లేనట్టే లెక్క.

ఆ సంఖ్యను ఎన్ని స్థానాలలో వ్రాయాలో ముందుగానే నిర్ణయమై ఉంటుంది. మన దశాంశ పద్ధతిలో రెండు స్థానాలు మాత్రమే ఇస్తే, సున్న మొదలు తొంభైతొమ్మిది వరకు నూరు ఇళ్లకు నంబర్లు వేయగలం. ఊరు పెరిగి నూటొకటవ ఇల్లు లేచిందంటే దానికి వేయడానికి నంబరు లేదు. నంబరు లేని ఇంటికి ఉత్తరం చేరదు. కంప్యూటర్‌కు తెలిసిన అంకెలు సున్న, ఒకటి మాత్రమే. దాని ఒక్కొక్క స్థానాన్ని బిట్ అంటారు. ఒక బిట్ పెరిగినప్పుడల్లా చిరునామాలు రెండింతలవుతాయి. 16 బిట్లతో 65,536 అరలను పిలవవచ్చు. 32 బిట్లతో 4,29,49,67,296 అరలను పిలవవచ్చు. దీన్నే నాలుగు గిగాబైట్లు అంటున్నాం. 64 బిట్లతో వచ్చే సంఖ్య ఇరవై అంకెలది. దానికి వ్యవహారంలో పేరు వెదకడమే కష్టం. ఆచరణలో నేటి ప్రాసెసర్లు చాలావరకు అందులో 48 బిట్లనే చిరునామాకు వాడుతున్నవి. ఐనా అది 256 టెరాబైట్లు. మన ఇళ్లలోని ఏ యంత్రానికైనా చాలి మిగులుతుంది.

ఇప్పుడు ఫిర్యాదుకు సమాధానం సులభం. 32 బిట్ల కాలంలో వ్రాసిన ప్రోగ్రాం తన చిరునామాలన్నిటినీ 32 స్థానాల గళ్లలోనే వ్రాసుకొంటుంది. దానిని 64 బిట్ల యంత్రంలో నడిపినంత మాత్రాన ఆ గళ్లు పొడుగు కావు. పదహారు గిగాబైట్లు కాదు, అరవైనాలుగు గిగాబైట్లు పెట్టినా అది నాలుగు దాటి చూడలేదు.

పోనీ, ఆ నాలుగైనా దక్కుతున్నదా అంటే, చాలాసార్లు దక్కదు. విండోస్ పద్ధతిలో 32 బిట్ల ప్రోగ్రాముకు చూపే నాలుగు గిగాబైట్ల ఆవరణలో సగం ఆపరేటింగ్ సిస్టమ్ తన కోసం ఉంచుకొన్నది. మిగిలిన రెండే ప్రోగ్రాం సొంతం. 64 బిట్ల విండోస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ సగంతో అవసరం లేదు. ఐనా పాత ప్రోగ్రాముకు ఆ రెండే ఇస్తున్నది. 'నేను పెద్ద చిరునామాలను భరించగలను' అనే గుర్తును నిర్మాతలు ప్రోగ్రాం ముఖాన వేసి ఉంటేనే పూర్తి నాలుగు గిగాబైట్లు లభిస్తాయి.

స్థలం ఖాళీగా ఉండగా ఇంత పిసినారితనం ఎందుకని శ్రోతలు అడగవచ్చు. అది పిసినారితనం కాదు, ముందుజాగ్రత్త. చిరునామా రెండు గిగాబైట్లకు మించదన్న ధీమాతో కొందరు ప్రోగ్రాం రచయితలు, ఎన్నడూ నిండని మొదటి బిట్‌ను తమ సొంత గుర్తులకు వాడుకొన్నారు. ఎవరూ నడవని గుమ్మం గదా అని అక్కడ బస్తాలు పేర్చుకొన్నట్లు. ఇప్పుడు ఆ గుమ్మం గుండా నిజమైన చిరునామా వచ్చిందంటే, గుర్తు ఏదో చిరునామా ఏదో తెలియక ప్రోగ్రాం తడబడుతుంది. ఒక లెక్కను ఇంకొక లెక్క మీద వ్రాసివేస్తుంది. అట్లా పాడైన లెక్క కంటె 'మెమొరీ చాలదు' అన్న మాటే మేలు.

ఇది నేటి కథ కాదు. ఐ.బి.ఎం. సంస్థ 1964లో ప్రకటించిన సిస్టమ్ 360 యంత్రాలలో చిరునామాకు 24 బిట్లు మాత్రమే కేటాయించారు. దాని హద్దు పదహారు మెగాబైట్లు. ఆ కాలానికి అది ఎవరికీ అందని ఆకాశం. ఐతే చిరునామా వ్రాసే గడి 32 బిట్లది కావడం చేత పైన ఎనిమిది బిట్లు ఖాళీగా మిగిలినవి. ఖాళీ స్థలాన్ని చూచి ఊరకుండడం మనిషి స్వభావం కాదు గదా! ప్రోగ్రాం రచయితలు ఆ ఎనిమిదింటిలో రకరకాల గుర్తులు దాచుకొన్నారు. 1983లో హద్దును 31 బిట్లకు పెంచేసరికి ఆ పాత ప్రోగ్రాములు అడ్డు తగిలినవి. వాటిని పారవేయడానికి వీలులేదు. బ్యాంకుల లెక్కలూ, బీమా కంపెనీల లెక్కలూ వాటి మీదే నడుస్తున్నవి. చివరకు పదహారు మెగాబైట్ల వద్ద ఒక గీత గీచి, పాతవి గీతకు దిగువనే నివసించాలని, కొత్తవి పైకి వెళ్లవచ్చునని ఏర్పాటు చేశారు. నేడు విండోస్ చేస్తున్నదీ అటువంటి ఏర్పాటే.

రెండు గిగాబైట్లు ఉన్నా, అంతకు ముందే ప్రోగ్రాం చేతులెత్తివేయడం ఇంకొక వింత. దీనికి కారణం ఖాళీ స్థలం ముక్కలు కావడం. గోదాములో నూరు బస్తాలకు చోటున్నది గాని, అది ఇక్కడ పది, అక్కడ ఇరవైగా చెదిరి ఉన్నదనుకొందాం. అరవై బస్తాల మొలగొలుకులు ఒకే రాశిగా వేయాలని వచ్చిన రైతును వెనక్కు పంపవలసిందే. ప్రోగ్రాం ఒక పెద్ద ఛాయాచిత్రాన్ని తెరిచేటప్పుడు మెమొరీని ఒకే వరుసలో కోరుతుంది. చిన్న చిన్న పనులు చేస్తూ మూస్తూ గంటలు గడిచిన కొలది ఆ వరుస దొరకదు. ప్రోగ్రామును ఒకసారి మూసి తిరిగి తెరిస్తే పని సాగడంలోని రహస్యం ఇదే.

కొత్త యంత్రం వల్ల పాత ప్రోగ్రాముకు మేలే లేదని మాత్రం అనుకోరాదు. ప్రతి ప్రోగ్రాముకూ దాని ఆవరణ వేరు. ఒక్కొక్కదానికి హద్దు రెండు గిగాబైట్లే ఐనా, పదహారు గిగాబైట్ల యంత్రంలో అటువంటివి నాలుగైదు ఒకదానినొకటి నెట్టుకోకుండా నడవగలవు. ఒక పడవలో పట్టని సరుకును నాలుగు పడవలలో వేసినట్లు, పెద్ద పనిని భాగాలు చేసి ఇవ్వగలిగితే కొంత గట్టెక్కవచ్చు. ఇంకొక మాట. 64 బిట్ల ప్రోగ్రాం ప్రతి చిరునామానూ రెండింతల పొడవుగా వ్రాసుకొంటుంది. కాబట్టి అదే పనికి కొంత ఎక్కువ మెమొరీ తింటుంది. చిన్న పనికి చిన్న పడవే చవక.

ఇక తెలుగువారికి ప్రత్యేకమైన సందర్భానికి వద్దాం. మన అచ్చుపనిలో అడోబ్ పేజ్‌మేకర్‌కు ఉన్న స్థానం తెలిసినదే. దాని చివరి రూపం, ఏడవది, 2001లో వెలువడింది. అది 32 బిట్ల ప్రోగ్రాం. దానితో జతగా 'అను' వంటి తెలుగు ఫాంట్లు వాడి ఎందరో పుస్తకాలు కూర్చారు. ఈ ఫాంట్లలో తెలుగు అక్షరాల రూపాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో అమర్చారు. యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు 128 స్థానాలు ఏర్పడినా, పేజ్‌మేకర్ ఆ మార్గం తొక్కలేదు. ఫలితంగా ఒక ఊరి కవి కావ్యమో, ఒక దేవాలయ చరిత్రో, ఒక పత్రిక ఇరవై ఏళ్ల సంచికలో ఆ ఫైళ్లలోనే ఉన్నవి. ఆ ప్రోగ్రామూ, ఆ ఫాంటూ రెండూ ఉంటేనే అవి తెలుగు. లేకపోతే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. పేజ్‌మేకర్ తరువాత కొత్త రూపం రాలేదు. కాబట్టి దాని గడి పొడుగయ్యే ఆశ లేదు.

పాత ప్రోగ్రాములకు ఎన్నాళ్లు ఆశ్రయం దొరుకుతుందన్నది ఇక్కడ అసలు ప్రశ్న. 16 బిట్ల ప్రోగ్రాములకు ఏ గతి పట్టిందో చూస్తే దీనికి జవాబు కొంత తెలుస్తుంది. 64 బిట్ల విండోస్ వాటిని అసలే నడపదు. 2021లో వచ్చిన విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు గాని, 32 బిట్ల ప్రోగ్రాములను మాత్రం ఇంకా ఆదరిస్తున్నది. ఆపిల్ సంస్థ 2019లో విడుదలైన కాటలీనాతో తన మాక్ యంత్రాలలో ఆ ఆదరణ కూడా మానివేసింది. అంటే ఒక తరం దాటితే గడప దగ్గర చోటుంటుంది. రెండు తరాలు దాటితే అదీ ఉండదు.

దుకాణంలో ప్రోగ్రాం ఆగితే మళ్లీ తెరుచుకోవచ్చు. ఆకాశంలో అటువంటి అవకాశం లేదు. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట, 2022లో జిల్లాల విభజన జరిగి తిరుపతి జిల్లాలో చేరేవరకు, నెల్లూరు జిల్లాలోనిదే. 1971 అక్టోబరు 9న ఆ దీవి నుండి మొదటి రోహిణి రాకెట్ లేచింది. 1993 సెప్టెంబరు 20న పి.ఎస్.ఎల్.వి. మొదటి ప్రయోగంలో ఉపగ్రహం కక్ష్యను చేరలేదు. దశలు విడిపోయే వేళ రాకెట్ స్థితి చెదిరింది. విచారణలో, రాకెట్‌లోని మార్గనిర్దేశక కంప్యూటర్ ప్రోగ్రాములో నియంత్రణకు సంబంధించిన ఒక దోషం కూడా బయటపడింది. అది సవరించుకొని 1994 అక్టోబరు 15న చేసిన రెండవ ప్రయోగం ఫలించింది. రాకెట్ ప్రోగ్రాములో ఒక్క పంక్తి విలువ ఎంతటిదో ఈ తీరానికి ఆనాడే తెలిసింది.

పాత ప్రోగ్రామును కొత్త వాహనంలో పెట్టడం వల్ల కలిగిన నష్టానికి ప్రపంచంలో పెద్ద ఉదాహరణ యూరపు దేశాల ఏరియన్ 5. అది 1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలో లేచి, నిమిషమైనా గడవకముందే ముక్కలైంది. ఏరియన్ 4 కోసం వ్రాసిన ప్రోగ్రాం భాగాన్ని దానిలో యథాతథంగా ఉంచారు. వేగానికి సంబంధించిన ఒక సంఖ్యను 64 బిట్ల రూపం నుండి 16 బిట్ల గడిలోకి మార్చే పని దానిది. ఆ గడిలో పట్టే పెద్ద సంఖ్య 32,767. పాత రాకెట్ దానిని ఎన్నడూ దాటలేదు. కొత్తది మరింత వేగంగా వెళ్లి దాటింది. సహాయంగా పెట్టిన రెండవ కంప్యూటర్‌లోనూ అదే ప్రోగ్రాం ఉండడం చేత అదీ అదే విధంగా ఆగిపోయింది. నాలుగు ఉపగ్రహాలు నశించినవి. ఇక్కడ మెమొరీకి కరువు రాలేదు. ఇరుకైన గడిలోకి పెద్ద సంఖ్య రావడమే ప్రమాదం. జాతి ఒకటే, రూపం వేరు.

మన రాకెట్లలో 2009 నుండి విక్రం 1601 అనే 16 బిట్ల ప్రాసెసర్ పనిచేస్తూ వచ్చింది. పేరులోని పదహారు దాని బిట్ల సంఖ్యే. దానికి తరువాతి తరంగా తిరువనంతపురంలోని విక్రం సారాభాయి అంతరిక్ష కేంద్రం, సెమికండక్టర్ లాబొరేటరీతో కలిసి 32 బిట్ల విక్రం 3201ను రూపొందించింది. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుండి వెళ్లిన పి.ఎస్.ఎల్.వి.-సి60లో, కక్ష్యలో నిలిచిన చివరి దశ మీద దానిని పరీక్షించారు. 2025 మార్చి 5న దాని మొదటి ఉత్పత్తులను ఇస్రోకు అందజేశారు. లోకమంతా 64 బిట్లలో ఉండగా మనవారు ఇప్పుడు 32కు రావడమేమిటని చులకన చేయరాదు. రాకెట్‌కు ఛాయాచిత్రాలు కూర్చే పని లేదు. వేడికీ, అదురుకూ, రేడియేషన్‌కూ తట్టుకొని, చెప్పిన క్షణానికి చెప్పిన లెక్క చేయడమే దానికి కావలసింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. కొత్త ప్రాసెసర్‌తో పాటు, ఏడా భాషలో వ్రాసిన ప్రోగ్రామును ఆ ప్రాసెసర్ భాషలోకి మార్చే కంపైలర్‌నూ, ఇతర పరికరాలనూ కూడా ఇస్రోలోనే తయారుచేసుకొన్నారు. మూలం చేతిలో ఉన్నవాడు పడవను కొత్త కొలతకు తిరిగి కట్టుకోగలడు. మూలం లేనివాడు పాత పడవతోనే సరిపెట్టుకోవాలి. దుకాణదారుకూ రాకెట్ శాస్త్రజ్ఞునికీ ఉన్న తేడా ఇదే.

రేడియోలో పనిచేసేవారికి కూడా ఈ హద్దు తెలుసు. ధ్వనిని భద్రపరిచే వేవ్ ఫైలులో, తన పొడవు ఎంతో వ్రాసుకొనే గడి 32 బిట్లది. కనుక ఫైలు నాలుగు గిగాబైట్లు దాటరాదు. కాంపాక్ట్ డిస్కు నాణ్యతలో, రెండు ఛానెళ్లలో సెకనుకు 1,76,400 బైట్లు పడుతుంది. లెక్క వేస్తే సుమారు ఆరు గంటల నలభైయైదు నిమిషాలకు గడి నిండిపోతుంది. వైకుంఠ ఏకాదశినాటి రాత్రి జాగరణను ఒకే ఫైలులో పట్టాలనుకొన్నవాడికి తెల్లవారేసరికి చిక్కు తప్పదు. డిస్కులో ఎంత ఖాళీ ఉన్నా ప్రయోజనం లేదు. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ ఆర్.ఎఫ్. 64 అనే పెద్ద గడి గల రూపాన్ని నిర్ణయించడానికి ఇదే కారణం.

చివరగా కాలానికి సంబంధించిన హద్దు. ఎన్నో ప్రోగ్రాములు 1970 జనవరి 1 నుండి గడిచిన సెకన్లను లెక్కపెట్టి తేదీ చెబుతాయి. ఆ లెక్క 32 బిట్ల గడిలో ఉంటే, 2038 జనవరి 19న, మన కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు అది నిండుతుంది. మరు సెకనుకు కంప్యూటర్ 1901 డిసెంబరులో ఉన్నాననుకొంటుంది. కొత్త 64 బిట్ల వ్యవస్థలు ఈ గండం దాటినవి. కాని గోడలకు బిగించిన మీటర్లలో, యంత్రాలలో దాగిన చిన్న కంప్యూటర్ల సంగతి వాటిని తయారుచేసినవారు చూడవలసి ఉన్నది. ఇరవై ఏళ్ల కాలానికి ఇచ్చే అప్పుల గడువులు ఇప్పటికే ఆ తేదీని దాటుతున్నవి గనుక, ఆ సంగతి 2038 దాకా ఆగదు.

ఇట్టి పరిస్థితిలో సామాన్యుడు ఏమి చేయాలి? మొదట, మెమొరీ కొనేముందు తన ప్రోగ్రాం 32 బిట్లదో 64 బిట్లదో విచారించాలి. 32 బిట్లదైతే అదనపు మెమొరీ దాని రోగానికి మందు కాదు. రెండవది, అదే నిర్మాతలు 64 బిట్ల రూపం ఇచ్చి ఉంటే దానికి మారడమే ఉత్తమం. అట్టిది లేకపోతే పనిని భాగాలు చేసుకోవాలి. పెద్ద పుస్తకాన్ని అధ్యాయాలవారీ ఫైళ్లుగా ఉంచాలి. ఛాయాచిత్రాలను అవసరమైనంత పరిమాణానికి తగ్గించి చేర్చాలి. మూడవది, మరీ పాత ప్రోగ్రాం ఐతే, కొత్త యంత్రంలోపల పాత యంత్రాన్ని అనుకరించే ఏర్పాటుతో దానిని నడపవచ్చు. ఐతే ఆ అనుకరణలోనూ దాని పాత హద్దులు దానికి ఉంటాయి.

అన్నిటికంటె ముఖ్యమైన పని ఇంకొకటి ఉన్నది. ప్రోగ్రాం వేరు, దానిలోని సరుకు వేరు. లెక్కలైనా, కావ్యాలైనా, భూమి దస్తావేజులైనా ఆ సరుకు మనది. పాత ప్రోగ్రాం తెరుచుకొంటున్న ఈ రోజులలోనే ఆ సరుకును బయటకు తీసి, తెలుగును యూనికోడ్‌లోకి మార్చి, ఏ ప్రోగ్రామైనా చదవగల సాదా రూపంలో ఒక ప్రతి ఉంచుకోవాలి. మార్పిడిలో ఒత్తులూ, గుణింతాలూ తారుమారవుతాయి గనుక తెలిసినవారు ఒకసారి సరిచూడాలి. బకింగ్‌హాం కాలువ మీద రవాణా ఆగిన తరువాత పడవలు ఎన్నో ఒడ్డున మిగిలిపోయినవి. ఆ పడవలు పోయినందుకు చింత లేదు. సరుకు దించుకోకముందే కాలువ మూతపడకుండా చూచుకోవడమే వివేకం.